పెంచలమ్మ మాత్ర ఎందుకు వద్దంది

2019 ఎండాకాలం. అప్పటికి నేను ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో హోమ్ కేర్ నర్సుగా తిరగడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. మా పనిని పాలియేటివ్ కేర్ అంటారు. జబ్బు ఇక నయం కాదని తేలిన మనిషికి నొప్పి, ఆయాసం, పుండ్లు, నిద్రలేమి లాంటి బాధలు తగ్గించి, ఉన్నన్ని రోజులూ మనిషి మనిషిలా ఉండేటట్టు చూడటం ఆ పని. మా ఆస్పత్రి నెల్లూరులో ఉండేది. నేను ఉదయగిరి మనిషిని, మా నాన్న అక్కడ కొయ్య గరిటెలు చెక్కేవారు. ఈ దారులూ ఈ మాటా తెలిసినదాన్నని పడమటి పల్లెలన్నీ నాకే ఇచ్చారు.

ఆత్మకూరు నుంచి సోమశిల వైపు వెళ్ళే దారిలో ఒక పునరావాస కాలనీ ఉంది. డ్యాం నీళ్ళలో మునిగిన ఊళ్ళవాళ్ళకు ఇచ్చిన ఇళ్ళు అవి. అక్కడ ఒక రేకుల వసారాలో, నులక మంచం మీద, పక్కకు తిరిగి పడుకుని ఉంది పెంచలమ్మ. వయసు అరవై ఎనిమిది. గర్భసంచి ముఖద్వారంలో మొదలైన కాన్సర్ నడుము ఎముకల దాకా పాకింది. కొడుకు మాలకొండయ్య జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ, మేపుతాడు. కోడలు సుజాత ఇల్లూ, అత్తనూ చూసుకుంటుంది.

నొప్పిని మేము సున్నా నుంచి పది దాకా అంకెల్లో అడిగి రాసుకుంటాం. దాన్ని పెయిన్ స్కోర్ అంటారు. అలాగే అడిగాను.

"నాకు ఆ లెక్కలు రావు నర్సమ్మా. కుంచెడు ఉండాది అని రాసుకో" అంది.

అలాగే రాసుకున్నాను. చిన్న కొలత నుంచి పెద్ద కొలతకు సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు. ఆమె వడ్లు కొలిచిన కొలతలే ఆ ఇంట్లో మా పెయిన్ స్కోర్ అయ్యాయి.

కుంచెడు నొప్పికి మామూలు మాత్రలు చాలవు. మార్ఫిన్ కావాలి. నల్లమందు నుంచి తీసే మందు అది. డాక్టరు రాసిన మోతాదులో, నాలుగు గంటలకొకసారి, నోటి ద్వారా ఇస్తే కాన్సర్ నొప్పికి అంతకంటే నమ్మకమైనది లేదు. మాత్ర అరచేతిలో పెట్టి చూపించాను.

"ఇది మింగితే మత్తొస్తాదా?"

"మొదట రెండు మూడు రోజులు కాస్త మగతగా ఉంటాదవ్వా. తరవాత అదే పోతాది."

"అయితే నాకొద్దు."

అరగంట చెప్పాను. అలవాటు పడరని చెప్పాను, ప్రాణానికి ముప్పు లేదని చెప్పాను, మగత తగ్గాక లేచి కూర్చోవచ్చని చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగింది.

వ్యాను దాకా మాలకొండయ్య నా వెంట వచ్చాడు. "పొద్దస్తమానం మూలగతానే ఉంటాది మేడం. నా బిడ్డలు చెవులు మూసుకోని కూర్చుంటారు. ఏదో ఒక దారి చెప్పండి."

మాత్రల పొట్లం అతని చేతికిచ్చి, మొదట సగం మాత్ర చాలని చెప్పాను. "ఎట్టో ఒకట్ట లోపలికి పోయేటట్టు చూడండి" అన్నాను.

నచ్చజెప్పమన్నానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఆ మాటకు ఇంకో అర్థం ఉందని అన్నప్పుడే తెలుసు. మరో మూడు ఇళ్ళు తిరగాల్సి ఉంది. వ్యాను ఎక్కేశాను.

నాలుగో రోజు మాలకొండయ్య దగ్గరి నుంచి ఫోను వచ్చింది. సుజాత రాగి అంబట్లో మాత్ర నలిపి కలిపింది. అదీ నేను చెప్పిన సగం కాదు, మొత్తం మాత్ర. పెంచలమ్మ పొద్దున తాగి సాయంత్రం దాకా నిద్రపోయింది. లేచాక గ్లాసు అడుగున తెల్లటి పిండి చూసి సంగతి పట్టేసింది. అప్పటి నుంచి ఎవరి చేతి అన్నమూ ముట్టలేదు. తన ఎదురుగా బిందెలో ముంచి ఇస్తేనే నీళ్ళు తాగుతోంది.

వెళ్ళేసరికి సుజాత వాకిట్లో ఏడుస్తోంది. మాలకొండయ్య నా మొహం చూడలేదు. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. సంచి తెరవలేదు.

"అవ్వా, వాళ్ళ తప్పు లేదు. ఎట్టో ఒకట్ట ఇమ్మని చెప్పింది నేను."

"నువ్వా?"

"నేనే. ఇంక ఈ ఇంట్లో నీకు తెలీకుండా ఒక్క మాత్ర కూడా పోదు. నీ మీద ఒట్టు."

చాలాసేపు నన్నే చూసింది. "ఒప్పుకున్నావు గదా. సరే, కూర్చో" అంది, నేను కూర్చునే ఉన్నానని గమనించకుండా.

అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగాల్సిన మాట. "మత్తంటే నీకెందుకవ్వా అంత భయం?"

కోడల్ని పిలిచి మేకపిల్లలకు నీళ్ళు పెట్టమని పంపేసింది. ఆ తర్వాత చెప్పింది.

"మా ఊరు నీళ్ళల్లో ఉండాది. నాకు ముందొక ఆడపిల్ల పుట్టింది. రవణమ్మ. నాలుగేండ్లు. జరమొచ్చి రెండు దినాల్లో పోయింది. ఊరికి తూర్పున గుట్ట కింద పూడ్చినాము. తరవాత డ్యాం కట్టినారు. అందరూ సామాన్లు ఎత్తుకోని వచ్చినారు, నేనూ వచ్చినాను. బిడ్డను ఎట్ట ఎత్తుకొస్తాను?"

కాసేపు ఊపిరి తీసుకుంది.

"పోయేటప్పుడు మనోళ్ళు ఎవరో ఒకరు వచ్చి పిలుచుకోని పోతారంట. మా అమ్మ చెప్పేది. మా ఆయన రాడు, ఆయనకు కోపమెక్కువ. పిల్ల వస్తాదని అనుకుంటే, అన్ని నీళ్ళు దాటి పసిబిడ్డ ఎట్టొస్తాది? నేనే పోవాల. నిద్రలో పోతే నాకు దారి తెలీదు నర్సమ్మా. తప్పిపోతాను. అది ఆడ, నేను ఈడ."

మార్ఫిన్ గురించి నేను చెప్పిన అరగంట పాఠంలో ఈ భయానికి సంబంధించిన మాట ఒక్కటీ లేదు.

"నీకు తెల్సా, చచ్చినాక ఏముంటాదో?" అని అడిగింది.

"తెలీదవ్వా. నాలుగేండ్లుగా పోయేవాళ్ళ కాడ కూర్చుంటాండాను. అవతలికి పోయొచ్చి చెప్పినోళ్ళు ఒక్కరూ లేరు."

"అయితే నేను చెప్పింది తప్పని నువ్వు చెప్పలేవు."

"చెప్పలేను."

ఆమెకు ఆ జవాబు నచ్చినట్టుంది. అప్పుడు గానీ నా పేరడగలేదు. షాహీన్ అన్నాను.

"సాయిబుల పిల్లవా? మీ వాళ్ళు ఏమని చెప్పుకుంటారు?"

మా మతం మాటలు పేషెంట్ల దగ్గర మేమంతట మేము ఎత్తకూడదు. అది మా శిక్షణలో మొదటి పాఠం. కానీ ఆమే అడిగింది. మా నానీ, అంటే అమ్మమ్మ, చెప్పిన సంగతి ఒకటి చెప్పాను. నానీకి ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. తల్లికన్నా ముందు పోయిన పసిబిడ్డలు స్వర్గం వాకిట్లో ఆడుకుంటూ ఉంటారని, తల్లి రాగానే చెంగు పట్టుకుని లోపలికి లాక్కుపోతారని ఆమె నమ్మకం. అక్కడి దారులు పిల్లలకే బాగా తెలుసట.

పెంచలమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"మా పిల్ల మీ వాళ్ళల్లో పుట్టలా" అంది.

"పుట్టలా అవ్వా."

"నీళ్ళున్నా వస్తాదంటావా?"

"నానీ నీళ్ళ సంగతి చెప్పలా. లేనిది కలిపి నేను చెప్పను."

కాసేపటికి ఆమె పెదవుల మీద ఏదో కదిలింది. "ఒక చోట నిలిచేది కాదు. వాగు కాడికి పోతే నాకంటే ముందే అవతలి గట్టు ఎక్కేది. వెనక్కి తిరిగి నన్ను రమ్మని కేకలేసేది." అలా అని, కోడలిని పిలిచింది. "సుజాతా, అంబలి ఉంటే పొయ్యి. నా ఎదురుగా పొయ్యి."

ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. సగం మాత్రతో మొదలు. ప్రతి మాత్రా ఆమె చేతికే ఇవ్వాలి, ఆమే నోట్లో వేసుకోవాలి. మూడు రోజులు చూడాలి, అప్పటికీ మత్తు పోకపోతే మానేయాలి. మలబద్ధకానికి వేరే మాత్ర కూడా ఇచ్చాను, మార్ఫిన్‌తో అది తప్పదు. నేను రోజూ ఫోను చేస్తానన్నాను.

మొదటి రోజూ రెండో రోజూ మగతగానే ఉందని సుజాత చెప్పింది. నాకు భయం వేసింది, ఈసారి పోతే నమ్మకం తిరిగి రాదు. మూడో రోజు ఫోను పెంచలమ్మే తీసుకుంది. "తవ్వెడు" అంది. ఫోను కోడలికి ఇచ్చేసింది. నాలుగో రోజు తలగడ ఆనుకుని కూర్చుని గొర్రెల్లో ఏది ఈనిందో, ఏది కుంటుతోందో కొడుకును అడిగి చెప్పించుకుందట.

తర్వాతి వారం వెళ్ళినప్పుడు అడిగింది. "ఈ ఏడు నీళ్ళు తగ్గినాయంట గదా. నన్ను ఒకసారి ఆడికి తీసకపోతారా?"

మా డాక్టరుగారిని అడిగాను. ఆయన బ్రేక్‌త్రూ డోస్ దగ్గర పెట్టుకోమన్నారు. వేళకిచ్చే మాత్రల మధ్యలో నొప్పి ఎగదన్నితే ఇచ్చే అదనపు మోతాదు అది. వ్యానులో ఒక సీటు తీసి పరుపు వేశాం. ఎండ ముదరకముందే, ఏడింటికల్లా బయలుదేరాం. ఆమె, మాలకొండయ్య, నేను, డ్రైవరు.

రిజర్వాయరు అంచున ఒండ్రు నేల పలకలు పలకలుగా పగిలి ఉంది. వల సరిచేసుకుంటున్న ఒకాయనను మాలకొండయ్య పాత ఊరి పేరు చెప్పి అడిగాడు. "ఆ తుమ్మ మోళ్ళు అగపడతాండాయే, వాటి అవతల. గుట్ట కింద అయితే ఇంకా నడుం లోతు ఉండాది" అన్నాడాయన. పడవలో తీసుకుపోతానని కూడా అన్నాడు.

"వద్దు నాయనా. ఈడ నుంచి మాట్లాడినా ఇనపడతాది" అంది పెంచలమ్మ.

ఆమెను పట్టుకుని కూర్చోబెట్టాం. గుట్టను గుర్తుపట్టింది. చెయ్యి చాపి కొడుక్కి చూపించింది. అక్క ఒకతె పుట్టి పోయిందని అతనికి తెలుసు. ఎక్కడుందో తెలియదు, పేరు కూడా ఎప్పుడూ వినలేదు.

"ఎన్నడూ చెప్పలేదేమ్మా?"

"చెప్తే నువ్వు ఈదుకుంటా పోతావని భయం." నిద్రలో పోతే దారి తప్పిపోతానన్న భయం కూడా అప్పుడే కొడుక్కి చెప్పింది.

తర్వాత నీళ్ళ వైపు తిరిగి, వీధిలో ఆడుకునే బిడ్డను అన్నానికి పిలిచినట్టు పిలిచింది. "రవణా. నేను వస్తాండాను. యాడికీ పోబాక, ఆడనే ఉండు. లేదంటే నువ్వే రా. ఎవరు ముందయితే వాళ్ళం." మాలకొండయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కొంచెం దూరం నడిచాడు. తిరిగొచ్చి, వంగి నీళ్ళు దోసిట్లో పట్టి తల్లి పాదాల మీద పోశాడు. దారిలో ఆమె బ్రేక్‌త్రూ డోస్ అడగలేదు. ఇంటికి చేరాక మజ్జిగన్నం తింది.

ఆ తర్వాత ఐదు వారాలు బతికింది. మాట స్పష్టంగానే ఉండేది. మనవరాలికి జడ వేసేది, సుజాతతో పోట్లాడి మళ్ళీ పిలిచి కూర్చోబెట్టుకునేది.

చివరి వారంలో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి కనురెప్పలు బరువుగా వాలిపోతున్నాయి. మాలకొండయ్య జీవాలతో పోయాడు. సుజాత నీళ్ళకు వెళ్ళింది. నా చెయ్యి పట్టుకుంది.

"నర్సమ్మా, నిద్ర పట్టేస్తాండాది. ఇది మాత్రదా, నాదా?"

ఊపిరి లెక్కపెట్టాను. కంటిపాపలు చూశాను. రెండు వారాలుగా మోతాదు మారలేదు. పాదాలు చల్లబడుతున్నాయి. శరీరం తన పని తాను ముగించుకుంటోంది.

"నీదే అవ్వా."

"నిజంగా?"

"నీకు అబద్ధం చెప్పను."

"నాదయితే సరే. పోతాను" అంది. ఒక చిన్న విషయం తేలిపోయినట్టు పక్కకు తిరిగి పడుకుంది.

రెండో రోజు పొద్దున పదింటప్పుడు, నిద్రలోనే పోయింది. నేను సంగం దగ్గర వేరే ఇంట్లో ఉన్నాను. మరుసటి రోజు కాలనీకి వెళ్ళాను. మాలకొండయ్య వసారాలో కూర్చుని ఉన్నాడు. మంచం గోడకు నిలబెట్టి ఉంది.

"మత్తులోనే పోయింది మేడం. ఒకమాటన్నా చెప్పలా. దారి తెలిసుంటాదా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆ పొద్దున ఆమె అడిగిందీ, నేను చెప్పిందీ, ఆమె అన్నదీ మాట పొల్లుపోకుండా చెప్పాను. అతను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అయితే తెలిసే పోయింది" అన్నాడు. లేచి మాకు టీ పెట్టమని సుజాతకు చెప్పాడు.

ఇప్పుడు కొత్త నర్సులకు నేనే నేర్పుతున్నాను. అంబట్లో మాత్ర కలిపించిన నా తప్పు దాచకుండా చెబుతాను. కొత్త ఇంటికి వెళ్ళినప్పుడు సంచి తెరిచేముందు, మీకు దేనికి భయంగా ఉంది అని అడగమంటాను. పోయిన నెల ఉదయగిరిలో ఒక రిటైరైన బస్సు డ్రైవరును అలాగే అడిగితే, "నేను పోతే మా ఆవిడకు బీపీ మాత్ర ఎవరు గుర్తుచేస్తారు?" అన్నాడు. ఆయన ప్రశ్నకు మా దగ్గర జవాబుంది, వాళ్ళ పక్కింటి అమ్మాయితో మాట్లాడి ఏర్పాటు చేశాం. పెంచలమ్మ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా ఉంటుందనుకోను. రెండు ప్రశ్నల్నీ ఒకే తీరుగా, నేల మీద కూర్చుని, చివరి దాకా వినాలని మాత్రం ఆమే నేర్పింది.