నా బిడ్డను నా చేతుల నుంచే కాపాడిన దేవుడు

సంఘ పెద్దలకు, తల్లులకు, సహోదరులకు ప్రభువు నామంలో నా వందనాలు. నా పేరు సువార్తమ్మ, మాది పెనుమూడి. ఆదివారం పిల్లలతో ముందు వరసలో కూర్చుని గొంతెత్తి పాడే మనిషిగా మీరంతా నన్ను ఎరుగుదురు, కానీ ఒకప్పుడు నా రెండు చేతులను చూసి నేనే వణికిపోయానని మీలో ఎక్కువమందికి తెలియదు. సాక్ష్యం చెప్పమ్మా అని అయ్యగారు ఎన్నోసార్లు అడిగారు, నేను తప్పించుకు తిరిగాను. ఈవేళ కూడా భయమే. అయినా చెబుతాను సహోదరులారా, ఎందుకంటే ఈ మందిరంలోనే ఎవరో ఒక తల్లి ఇలాంటి భయాన్నే లోపల దాచుకుని కూర్చుని ఉండవచ్చు.

ఇది అరవైల చివరి మాట. పెనుమూడి రేవులో పడవలు తప్ప కృష్ణ దాటడానికి వేరే దారి లేని రోజులవి. మా ఆయన దావీదు కూలికి వెళ్ళేవాడు, చెరుకు నరికే కాలంలో జంపని వైపు వెళితే వారాల తరబడి అక్కడే ఉండిపోయేవాడు. ఇంట్లో నేనూ మా అత్తా. మాకు మొదట ఆడపిల్ల పుట్టింది, కరుణ అని పేరు పెట్టుకున్నాం. కాన్పు సుఖంగానే జరిగింది, బిడ్డ ముద్దుగా ఉంది, పాలు కూడా బాగానే పడ్డాయి, ఇంతకంటే ఏం కావాలి అని అందరూ అనుకుంటున్న సమయంలోనే నాకు నిద్ర పట్టడం మానేసింది. ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి పోయింది, ఆ తర్వాత నా లోపలికి ఒక తలంపు వచ్చి కూర్చుంది. ఎలా చెప్పను! బిడ్డను కాలవలో పెట్టు, చల్లగా ఉంటుంది అని ఆ తలంపు. అది నా గొంతులాగే ఉండేది, నా మాటలాగే ఉండేది, కానీ అది నేను కాదు. బిడ్డకు పాలిస్తున్నా అదే, కత్తిపీట ముందు కూర్చుంటే ఇంకా ఘోరమైనది. నేను వంట చేయడం మానేశాను, కాలవ వైపు చూడటం మానేశాను, బిడ్డను ఎత్తుకోవడానికి భయపడి మంచం మీదే ఉంచి దూరంగా గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

మా అత్త భయపడింది. ఆమె మంచిదే, ప్రార్థన చేసే మనిషే, కానీ ఊళ్ళో వాళ్ళు "నీ కోడలికి దయ్యం పట్టింది, అది బిడ్డను తీసుకుపోయేదాకా వదలదు" అని నూరిపోశారు. ఒక భూతవైద్యుణ్ణి పిలిపించింది. అతను నా ముఖం మీదికి మిరపకాయల పొగ వేశాడు, వేపమండలతో కొట్టాడు, "ఎవరు నువ్వు? చెప్పు, ఎవరు నువ్వు?" అని అరిచాడు. నేను ఏం చెప్పను సహోదరులారా? నేను సువార్తమ్మనే. ఆ మాట చెబితే ఇంకా కొట్టాడు. దెబ్బలకంటే నన్ను భయపెట్టింది వేరే ఉంది, నాలో నిజంగానే దయ్యం ఉందేమో, దేవుడు నన్ను విడిచిపెట్టేశాడేమో అన్న భయం.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, అత్త పొలానికి వెళ్ళింది, బిడ్డ గుడ్డలు ఉతకక తప్పలేదు. బిడ్డను కాలవ గట్టు మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టి, వీపు తిప్పుకుని ఉతుకుతున్నాను. అప్పుడు ఆ తలంపు వచ్చింది, పక్కన మనిషి నిలబడి చెప్పినంత స్పష్టంగా వచ్చింది. నా చేతులు బిడ్డ వైపు వెళ్ళడం నేను చూశాను. యేసయ్యా అని ఒక్క కేక వేశాను. అంతే, బిడ్డను గుండెకు అదుముకుని కాలవకు ఎదురు దిక్కుగా పరుగు తీశాను, గుడ్డలన్నీ నీళ్ళలో కొట్టుకుపోయాయి, గట్టు మీద వాళ్ళు చూసి "అయ్యో, పిచ్చిది!" అంటున్నారు, నేను ఎక్కడా ఆగలేదు, మందిరం పక్కన ఉన్న పాస్టరమ్మగారి వాకిట్లోకి వెళ్ళి పడ్డాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతున్నారు. ఆమె ఒళ్ళో బిడ్డను పెట్టేశాను.

"అమ్మగారూ, దీన్ని తీసుకోండి. నేనేడ్చినా, మీ కాళ్ళమీద పడినా నాకివ్వకండి. నా దగ్గరుంటే ఇది బతకదండి."

"ఏంటమ్మా ఆ మాటలు?" అని ఆమె గాభరాపడ్డారు. అయ్యగారు లోపలినుంచి వచ్చారు. ఉన్నదంతా చెప్పాను, కాలవ సంగతి, కత్తిపీట సంగతి, అన్నీ. చెబితే ఊరు నన్ను రాళ్ళతో కొడుతుందనుకున్నాను. అయ్యగారు కోప్పడలేదు, భయపడలేదు కూడా. నా ముందు నేలమీద కూర్చుని అన్నారు, "ఇది దయ్యమో జబ్బో నాకు తెలియదమ్మా, రెండిటిమీదా అధికారం ఆయనదే. కానీ బిడ్డను కాపాడమని నిన్ను ఇక్కడికి పరిగెత్తించింది మాత్రం దయ్యం కాదు." ఆ మాట నా ప్రాణానికి నీళ్ళు పోసినట్టయింది. ఆయన చేసిన ప్రార్థన ఇప్పటికీ నాకు జ్ఞాపకం ఉంది: "తండ్రీ, ఈ తల్లినీ ఈ బిడ్డనూ ఇద్దరినీ మాకు దక్కించు. దారి మాకు తెలియదు, నువ్వే చూపించు."

అప్పటికి బిడ్డను పాస్టరమ్మగారు తమ దగ్గరే ఉంచుకున్నారు. దారి బాపట్ల నుంచి వచ్చింది. అక్కడ విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపే ఒక కేంద్రం ఉండేది, కష్టంలో ఉన్న పిల్లలనూ వాళ్ళ కుటుంబాలనూ చూసుకోవడమే దాని పని. అయ్యగారు కబురు పంపితే వసుంధర గారని ఆ కేంద్రంలో పనిచేసే అమ్మగారు రేపల్లె దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణుంచి మా ఇంటికి వచ్చారు. ఆమె వచ్చేసరికే ఊళ్ళో పుకారు పుట్టింది, ఈ చదువుకున్నవాళ్ళు పిల్లల్ని తీసుకుపోయి దేశాలు దాటిస్తారని. మా అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నాకూ భయమే. నా దగ్గరుంటే బిడ్డ చస్తుందని భయం, పంపిస్తే మళ్ళీ కనబడదని భయం. ఏ వైపు చూసినా చీకటే!

వసుంధర గారు మా చాపమీద కూర్చుని నిదానంగా చెప్పారు. "అనాథాశ్రమానికి కాదమ్మా, ఒక ఇంటికి. నీకు నయమయ్యేదాకానే. పిల్ల నీదే. నెలనెలా వచ్చి చూసుకోవాలి, నువ్వు రాకపోతే నేనే వచ్చి నిన్ను తీసుకెళ్తా."

జంపని నుంచి మా ఆయన వచ్చాడు. దీన్ని పుట్టింటికి పంపించి ఇంకో సంబంధం చూసుకోరా అని చుట్టాలు అప్పటికే అంటున్నారు. ఆయన వాళ్ళ మాట వినలేదు. "నాకు నువ్వూ కావాలి, పిల్లా కావాలి. ఇద్దరూ బతికే దారి ఇదొక్కటే అయితే ఇదే కానీ" అన్నాడు. దేవునికే మహిమ!

నన్ను తెనాలిలో ఒక డాక్టరుగారి దగ్గర చేర్పించారు. కాన్పు తర్వాత కొందరు తల్లులకు ఈ జబ్బు వస్తుందని, నయమవుతుందని ఆయన చెప్పారు. నేను నమ్మలేదు. తలకు కరెంటు పెట్టినప్పుడు చచ్చిపోతాననుకున్నాను, మాత్రలు వేసుకుంటే నాలుక మొద్దుబారేది, రొమ్ములో పాలు గడ్డకట్టి జ్వరం వచ్చి, చివరికి పాలు ఎండిపోయాయి. పాలు ఎండిన రోజు గోడవైపు తిరిగి పడుకుని, "ప్రభువా, నన్ను తీసుకుపో, నా బిడ్డను ఉంచు" అని ప్రార్థించాను. ఆయన ఆ ప్రార్థన వినలేదు, స్తోత్రం! కొద్దికొద్దిగా నిద్ర వచ్చింది. అన్నం రుచి తెలిసింది. తలంపు దూరం జరిగింది, కానీ పోలేదు, వీధి చివర నిలబడి నన్నే చూస్తున్నట్టుండేది.

బిడ్డను పెట్టిన ఇల్లు బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ పేటలో. ఆ ఇంటామె పేరు నాగరత్నం. ఆమెకు పుట్టిన బిడ్డ కొన్నాళ్ళకే చనిపోయింది, పాలు మాత్రం ఆగలేదు. ఆ పాలు తాగి నా కరుణ బతికింది. వాళ్ళు హిందువులు, మనం క్రైస్తవులం, మొదట్లో నాకు అదీ ఒక బెంగే, కానీ దేవుడు ఎవరి ఒడిని వాడుకుంటాడో మనమెవరం చెప్పడానికి!

ఏడెనిమిది నెలలకు నన్ను ఇంటికి పంపించాక, నెలనెలా రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో దిగి మందులు తీసుకుని, మళ్ళీ బాపట్ల బండి ఎక్కేదాన్ని. మొదటిసారి వెళ్ళినప్పుడు కరుణ నన్ను చూసి గుక్కపెట్టి ఏడ్చి నాగరత్నం మెడ కరుచుకుంది. అమ్మా అని పిలిచింది, నన్ను కాదు. నేను చేతులు రెండూ కొంగుకింద దాచుకుని కూర్చున్నాను.

నాగరత్నం చూసింది. "ఏంటి చెల్లీ, చేతులట్టా దాచుకుంటావు? పిల్లనెత్తుకోవా?"

"వద్దక్కా. నువ్వే ఉంచుకో. నన్ను చూసి జడుసుకుంటోంది."

"అది జడుసుకోటంలా. నువ్వే జడుసుకుంటన్నావు" అంది.

అలా ఎన్నో నెలలు వెళ్ళాను, పక్కన కూర్చున్నాను, బొమ్మ అందించాను, బిడ్డను మాత్రం ఒంటరిగా ఎత్తుకోలేదు. వసుంధర గారు తొందరపెట్టలేదు. లోపల ఇంకో భయం మాత్రం పెరుగుతూ వచ్చింది. నాగరత్నం బిడ్డను ముద్దాడుతుంటే, ఈమె ఎప్పటికీ ఇవ్వదు, ఎలా ఇస్తుంది, నేనైతే ఇస్తానా అనిపించేది.

ఒకసారి వెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. వాకిట్లో పొయ్యి చల్లగా ఉంది. వల లేదు, పడవ లేదు, పక్కింటివాళ్ళూ లేరు. తీసుకుపోయారు, నా బిడ్డను తీసుకుపోయారు! ఏడుస్తూ కేంద్రం దాకా నడిచానో పరిగెత్తానో నాకు తెలియదు. అక్కడ వరండాలో బల్లమీద కూర్చుని ఉంది నాగరత్నం, ఒళ్ళో కరుణ, కాగిపోతున్న జ్వరంతో. భర్త వేటకు పోయి ఉండగా తనే బిడ్డను ఎత్తుకుని వచ్చిందట, డాక్టరును తీసుకురావడానికి వసుంధర గారు వెళ్ళారట. నాగరత్నం కళ్ళు గుంటలు పడిపోయి ఉన్నాయి, ముందురోజు నుంచి తిండి లేదు.

"వచ్చావా చెల్లీ! పట్టుకో, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని బిడ్డను నా చేతుల్లో పెట్టేసి, అలాగే బల్లమీద ఒరిగిపోయింది.

వరండాలో ఇంకెవరూ లేరు. నా చేతుల్లో నా బిడ్డ. ఎదురుగా నీళ్ళ తొట్టి. సహోదరులారా, అబద్ధం చెప్పను, ఆ తలంపు వచ్చింది. వీధి చివర నిలబడ్డది నడిచి వచ్చి నా చెవి దగ్గర నిలబడింది. నేను కళ్ళు మూసుకోలేదు. బిడ్డ ముఖంలోకే చూస్తూ పైకే అన్నాను, "యేసయ్యా, ఇది నీ బిడ్డ, ఇవి నీ చేతులు, నేను కదలను." ఎంతసేపు అలా అన్నానో తెలియదు. నా చేతులు బిడ్డను వదలలేదు. తొట్టిలో నీళ్ళతో కొంగు తడిపి బిడ్డ నుదురు తుడిచాను. ఏ నీళ్ళను చూసి ఇంతకాలం పారిపోయానో ఆ నీళ్ళతోనే తుడిచాను! కరుణ కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఏడవలేదు. నా రవికె గుప్పిట్లో పట్టుకుని పడుకుంది. డాక్టరుగారు వచ్చేసరికి నేను ఏడుస్తూ పాడుతున్నానట.

బిడ్డ జ్వరం తగ్గింది. ఆ తర్వాత నా దగ్గర ఒక పూట, ఒక రోజు, ఒక వారం, అలా కొంచెం కొంచెంగా అలవాటు చేసి, బిడ్డను మా ఇంటికి పంపించారు. నాగరత్నం కూడా మాతో రైల్లో వచ్చింది. తెనాలి స్టేషనులో బండి మారేటప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను. "అక్కా, నీకు కడుపుకోత పెట్టి తీసుకుపోతున్నాను" అన్నాను. "నీ బిడ్డ నీకు కాక ఎవరికే! నన్ను మాత్రం రావొద్దనమాకు" అంది, కళ్ళు తుడుచుకుంటూ. మా ఇంట్లో కొన్నాళ్ళు ఉంది. మా అత్త తన చేత్తో ఆమెకు అన్నం పెట్టింది. ఇప్పటికీ వస్తుంది, కరుణ మా ఇద్దరినీ అమ్మా అనే పిలుస్తుంది, ఎవరిని పిలిచిందో తెలియక ఇద్దరమూ పలుకుతాం.

తర్వాత మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు భయం తిరిగి వచ్చింది. ఈసారి దాచుకోలేదు. నెలలు నిండకముందే అయ్యగారికి చెప్పాను, తెనాలి డాక్టరుగారికి చెప్పాను, కేంద్రం వాళ్ళు మనిషిని పంపారు, మా ఆయన ఆ ఏడు చెరుకు పనికి వెళ్ళకుండా నా పక్కనే ఉన్నాడు. కొడుకు పుట్టాడు. కొన్ని పగళ్ళు మబ్బుగా గడిచాయి, కానీ ఆ గొంతు నా మీద గెలవలేదు. దేవునికే స్తోత్రం, ఆయన కృపకే మహిమ!

భయం పూర్తిగా పోయిందా అని అడిగితే, పోలేదు. కానీ దానికి నేను బానిసను కాను. తల్లులారా, మీలో ఎవరికైనా అలాంటి తలంపు వస్తే, నేను చెడ్డ తల్లిని అనుకుని నోరు మూసుకోకండి. దయ్యమని కొట్టించుకోకండి. బిడ్డను పక్కనున్నవారి ఒళ్ళో పెట్టి నోరు తెరిచి చెప్పండి. ప్రార్థన చేయండి, మందు కూడా వేసుకోండి, రెండూ ఆయన ఇచ్చినవే. నా ప్రభువు నన్ను ఆకాశం నుంచి చెయ్యి చాచి లేపలేదు, చేట పక్కన పెట్టిన ఒక అమ్మగారి చేతులతో, మాత్రలిచ్చిన డాక్టరుగారి చేతులతో, నా బిడ్డకు పాలిచ్చిన నాగరత్నం చేతులతో లేపాడు. ఆయనను నమ్మండి. ఆరాధన అయ్యాక నేను వెనక తలుపు దగ్గర నిలబడి ఉంటాను, ఎవరికైనా చెప్పుకోవాలనుంటే రండి, పసిబిడ్డ చేతిలో ఉంటే నాకివ్వండి, నేను ఎత్తుకుంటాను.