ఏసేపు తవ్విన ఎర్తు గుంత

మా పెరట్లో బావి ఎండిపోయి అప్పటికి పదకొండేళ్లు. అలాంటి చోట గుంత తవ్వుతానని ఒక మనిషి గడ్డపార పట్టుకుని వచ్చి నిలబడితే నాకు నవ్వొచ్చింది.

"ఏమప్పా, ఈడ పాతాళం దాకా పోయినా నీళ్లు పడవు. ఊరికే ఎందుకు ఒళ్లు నొప్పి?" అన్నాను.

"నీళ్ల కోసం కాదవ్వా. కరెంటు భూమిలోకి పోయేదానికి" అన్నాడు.

ఆ మనిషే ఏసేపు. అది రెండు వేల ఆరు, దసరా దాటిన వారం.

కమలాపురంలో మా ఇల్లు బజారు మీదే ఉంది. మా ఆయన కేశవయ్య బతికి ఉన్నప్పుడు కింది భాగంలో శెనక్కాయల వ్యాపారం చేసేవాడు. ఆయన పోయాక ఆ గదులు ఒక పొదుపు సొసైటీకి బాడుగకు ఇచ్చి, పై భాగం, పెరడు, పెరట్లోని కొళాయి నా దగ్గర ఉంచుకున్నాను. సొసైటీ మేనేజరు జ్ఞానేశ్వర్ మెత్తని మనిషి. ఎవరేమన్నా తల ఊపుతాడు. సభ్యుల లెక్కలన్నీ పుస్తకాల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కించాలనీ, రాయచోటి శాఖ కూడా ఇక్కడి యంత్రం మీదే నడవాలనీ పైవాళ్లు చెప్పారట. దానికి సర్వరు కావాలన్నారు. దాన్ని బిగించి, కనిపెట్టుకుని, జబ్బు చేస్తే మందు వేసే పని ఏసేపుది. కడపలో ఒక కంపెనీ పంపిన మనిషి.

సర్వరంటే బల్ల మీద పెట్టుకునే కంప్యూటరు కాదు. మనిషంత ఎత్తు నల్లటి ఇనుప బీరువా, దానికి జల్లెడలాంటి తలుపు. ఆ బీరువాను ర్యాకు అంటారు. అందులో సర్వరు నిలబడదు, వెల్లకిలా పడుకుంటుంది. ఏసేపు రెండు పక్కలా పట్టాలు బిగించి, మరలన్నీ రెండోసారి తిప్పి చూసి, ఇంకొకరి సాయంతో బాలింతను మంచం మార్చినట్టు దాన్ని ఎత్తి లోపలికి జరిపాడు. స్విచ్ వేస్తే మిరపకాయల మర ఆడినంత రొద. ఎండల్లో నాకు ఫ్యాను గాలి దొరికితే అదే స్వర్గం, దానికి మాత్రం ఇరవై నాలుగు గంటలూ ఏసీ. ఆ చల్లదనం చూసి ఆఫీసువాళ్లు తమ పెరుగు గిన్నెలు తెచ్చి ర్యాకు నెత్తిన పెట్టుకున్నారు. ఏసేపు వాటిని ఒక్కొక్కటే దించి వరండాలో వరసగా పెట్టి, "సార్, పెరుగు ఒలికితే ముందర పులిసేది మీ లెక్కలే" అన్నాడు. జ్ఞానేశ్వర్ తల ఊపాడు. మరునాడు గిన్నెలు మళ్లీ ర్యాకు ఎక్కాయి. ఏసేపు మళ్లీ దించాడు. వారం తిరిగేసరికి అలవాటు మానింది వాళ్లే.

అతని పద్ధతి అది. గొంతు పెంచడు, పని విడవడు. చెప్పులు గది బయట విప్పేవాడు. భక్తి కాదు, దుమ్ము లోపలికి పోకూడదని. చేతిలో ఒక నోటు పుస్తకం. గదిలో వేడి ఎంత, ఫ్యాన్ల చప్పుడు మారిందా, లెక్కల నకలు తీసే టేపు మార్చారా, అన్నీ అందులో రాసేవాడు. కడపలో చర్చి హాస్టల్లో ఉండి చదువుకున్నాడట. పాలిటెక్నిక్ అయ్యాక మూడేళ్లు కాలిపోయిన మోటర్లకు తీగ చుట్టాడట. ఆ తర్వాత ఈ పని. ఒళ్లో సంచి పెట్టుకుని బస్సుల్లోనే ఊర్లు తిరిగేవాడు.

ఇక గుంత. ఎనిమిదడుగులు తవ్వి, అడుగున రాగి పలక పెట్టి, బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి పూడ్చాడు. నీళ్లు పోయడానికి ఒక గొట్టం పైకి వదిలాడు. పైన నాపరాయి మూత.

"మన నేల ఎండు నేలవ్వా. తడి ఉంటేనే భూమి కరెంటును తాగుతాది. పిడుగు పడినప్పుడు ఎక్కువైన కరెంటు ఈ గుంతలోకి దిగిపోవల్ల. గుంత ఎండిపోయిందనుకో, అది మళ్లీ మిషను మీదికే వస్తాది. దినం రెండు బిందెలు పోస్తే చాలు."

ఎవరు పోస్తారని అడిగితే ఆఫీసువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొళాయి నాది. నేనే ముందుకొచ్చాను. "నేను పోస్తా. మా ఇంట్లో మాట ఇచ్చి తప్పినోళ్లు లేరు" అన్నాను. ఆ మాట గట్టిగానే అన్నాను.

ఏసేపు ఒక క్యాలెండరు తెచ్చి మెట్ల పక్కన తగిలించి, దారంతో పెన్సిలు కట్టాడు. "పోసిన దినం ఒక గీత పెట్టండవ్వా. నేను వచ్చినప్పుడు చూసి రాసుకుంటా." నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. నా రాతను చూసి ఇంకొకరు రాసుకుంటానడం జీవితంలో అదే మొదలు. గర్వపడ్డాను, ఎందుకు దాచాలి.

చలికాలమంతా పోశాను. మార్చిలో కొళాయి నాలుగు రోజులకొకసారి రావడం మొదలైంది. అయినా తొట్టిలో పట్టి పెట్టుకుని పోస్తూనే ఉన్నాను. ఒక పొద్దున గోడ మీదుగా పక్కింటి నాగశ్రీ పలకరించింది. బట్టలకొట్టు వాళ్ల కోడలు. నాకు వరసకు కోడలే.

"ఏమత్తా, గుంతకు నీళ్లు పోస్తాండావు, ఏం మొలుస్తాదని?"

"నీ నోరు మూతపడే మందు మొలుస్తాదేమోనని" అన్నాను.

నవ్వింది. నవ్వి, "ఆ పిల్లోడు ఎవరి కొడుకో తెలుసునా నీకు? మీ చేన్లో కలుపు తీసిన సుంకులమ్మ కొడుకు. వాడు తవ్విన గుంతకు నువ్వు పొద్దున్నే లేచి బిందె మోస్తాండావు. కాలం శానా బాగుండాదిలే" అంది.

సుంకులమ్మ మేము ముట్టుకోని మనిషి. మా చేనికి ఇరవై ఏళ్లు వచ్చింది. దాహమంటే దోసిలి పట్టేది, నేను పైనుంచి చెంబుతో పోసేదాన్ని, చెంబు చేతికి తగలకుండా. ఆమె కొడుకు నాకు పని చెప్పాడు. నేను చేస్తున్నాను. నాగశ్రీ మాటకు నవ్వేసి పోస్తే పోయేది. నాకు ఒళ్లు మండింది. మరునాడు బిందె ఎత్తి మళ్లీ దించాను. 'వాని గుంతకు నేను ఊడిగం చేయాల్నా' అనుకున్నాను.

బిందె దించాను గానీ పెన్సిలు ఎత్తాను. గీత పెట్టాను. ఆ రోజు మొదలు రోజూ గీత మాత్రమే. మాట తప్పినట్టు కనపడకూడదు కదా. ఆ రెండు బిందెలతో ఇంటి గుమ్మం కడిగాను. కాబట్టి నీళ్లు లేక మానేశానని ఎవరైనా అంటే నమ్మకండి.

ఏప్రిల్లో ఏసేపు వచ్చి గోడలోని ప్లగ్గులో మీటరు పెట్టి చూశాడు. మొహం చిట్లించి పైకి వచ్చాడు.

"అవ్వా, ఎర్తు సరిగ్గా లేదు. రెండు ఓల్టులు దాటకూడదు, ఏడు చూపిస్తాండాది. నీళ్లు పోస్తాండారు గదా?"

"కండ్లు లేవా నీకు? గీతలు ఉండాయి, పోయి చూసుకో."

చూశాడు. ఒక్కటి కూడా తప్పలేదు. "అయితే నేల ఎక్కువ తాగుతాండాదేమో. ఇంకో బిందె ఎక్కువ పోయండవ్వా" అని, నేను చెప్పినట్టే తన పుస్తకంలో రాసుకుని పోయాడు.

ఆ నెలాఖరున నాగశ్రీ వాళ్లతో మంత్రాలయం పోయాను. నాలుగు రోజుల ప్రయాణం. పోయే ముందు ఆ నాలుగు రోజుల గీతలు కూడా పెట్టేసి పోయాను. రాఘవేంద్రస్వామి దర్శనానికి పోతూ, ఇంకా రాని రోజుల అబద్ధం కూడా ముందే రాసి పెట్టిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. తిరిగొచ్చాక ఆఫీసువాళ్లు చెప్పారు, మీటరు సంగతి మనసులో పెట్టుకుని ఏసేపు గుంత మూత తీసి చూద్దామని వచ్చాడనీ, పెరటి గేటుకు తాళం ఉంటే తిరిగిపోయాడనీ.

మే రెండో వారంలో, మధ్యాహ్నం మూడింటికి, ముందు గాలి, తర్వాత ఉరుము, చుక్క వాన లేదు. ఒక పిడుగు మా వీధిలోనే పడ్డట్టు ఇల్లు అదిరింది. కింద ఆ రొద ఒక్కసారి ఆగిపోయింది. కాలిన వాసన మెట్లెక్కి నా దగ్గరికి వచ్చింది. నేను కూర్చున్నచోటి నుంచి లేవలేదు. ఎందుకు కాలిందో ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఏసేపు సాయంత్రం బస్సుకు వేరే యంత్రం మోసుకొచ్చాడు. టేపులో దాచిన లెక్కలన్నీ ఒకటిన్నర రోజులో మళ్లీ ఎక్కించాడు. ఒక్క సభ్యుడి లెక్క కూడా తేడా రాలేదు. దానికి ఎవరూ మెచ్చుకోలేదు. కాలిన యంత్రానికి బాధ్యులెవరన్నదే ప్రశ్న.

శుక్రవారం కడప నుంచి ఏసేపు పైఅధికారి కిరణ్‌కుమార్ వచ్చాడు. గుంత మూత ఎత్తించాడు. లోపల ఉప్పు గడ్డకట్టి రాయయింది. చుట్టూ మట్టి నెర్రెలు విచ్చింది.

"నీళ్లు ఎవరు పోస్తాండారు?"

"నేనే. దినమూ పోస్తాండా" అన్నాను. క్యాలెండరు వైపు చెయ్యి చూపించాను. నా గొంతు వణకలేదు. ఆ సంగతి ఇప్పుడు తలచుకుంటే నాకే భయమేస్తుంది.

"పెద్దమ్మ మాటకు తిరుగుండదు సార్" అన్నాడు జ్ఞానేశ్వర్, తల ఊపుతూ.

కిరణ్‌కుమార్ ఏసేపు వైపు తిరిగాడు. "దినమూ నీళ్లు పోసిన గుంత ఇట్లుంటాదా? ఎంత లోతు తవ్వినావు? ఉప్పూ బొగ్గూ లెక్క ప్రకారం వేసినావా, లేదంటే మట్టి పూడ్చి బిల్లు రాసినావా?"

"ఎనిమిదడుగులు సార్. అన్నీ వేసినాను."

"అయితే ఆ పెద్దామె అబద్ధం చెప్తాందా?"

ఏసేపు క్యాలెండరు దగ్గరికి పోయాడు. గీతల మీద వేలు పెట్టి ఒక్కో వారమే దిగాడు. ఏప్రిల్ చివర నాలుగు గీతల దగ్గర వేలు ఆగింది. గేటుకు తాళం చూసి తిరిగిపోయిన మనిషి అతనే. నా వైపు చూశాడు. చూడడం నేనూ చూశాను. ఇక నోరు తెరుస్తాడనుకున్నాను. వేలు తీసేశాడు.

"తెలీదు సార్" అన్నాడు.

"సోమవారం ఆఫీసుకు రా. సంతకం పెట్టి పోదువు. ఇక పనికి అక్కర్లేదు" అన్నాడు కిరణ్‌కుమార్.

వాళ్లంతా లోపలికి పోయారు. ఏసేపు పెరట్లో మీటరు, స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుంటున్నాడు. నేను దగ్గరికి పోయాను.

"ఆ నాలుగు గీతలు చూసినావు గదా. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమవుతాదవ్వా? మీ గీత ఒక పక్క, నా మాట ఒక పక్క. ఏది నిలుస్తాదో మీకు తెలీదా?"

కోపం లేదు ఆ మాటలో. ఉన్నా బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. సంచి భుజాన వేసుకుంటూ మళ్లీ అన్నాడు. "మా అమ్మ చెప్పేది, మీరు పెళుసుగా మాట్లాడతారు గానీ మాట తప్పరని. అందుకే ఏప్రిల్లో మూత తీసి చూడకుండా మీ గీతలు చూసి రాసినాను. అది నా తప్పే."

శని, ఆదివారాలు ఎట్లా గడిచాయో చెప్పను. అన్నం వండాను, తినలేదు. సుంకులమ్మ నా గురించి కొడుకుతో మంచి చెప్పింది. ఇరవై ఏళ్లు దోసిలి పట్టిన మనిషి. నేను ఆమె గురించి ఎవరితోనైనా ఒక మంచి మాట అన్నానా అని వెదికాను. దొరకలేదు.

సోమవారం మొదటి బస్సుకు కడప పోయాను. ఆ ఆఫీసు రెండో అంతస్తు. ఆయాసపడుతూ ఎక్కాను. కిరణ్‌కుమార్ బల్ల ముందు ఏసేపు నిలబడి ఉన్నాడు, కాగితం మీద సంతకం ఇంకా పెట్టలేదు.

"అది ఆపప్పా. మార్చి నుంచి నేను గుంతలో ఒక్క చెంబు పోయలేదు. ఆ గీతలన్నీ దొంగ గీతలు. ఈ పిల్లోడు తప్పు చేయలేదు" అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్లకే సిద్ధపడి పోయాను. కిరణ్‌కుమార్ లేచి నాకు కుర్చీ వేశాడు, నీళ్లు తెప్పించాడు. "అయ్యో, దీనికోసం ఇంత ఎండలో మీరు రావల్నా? కమలాపురంలో కొళాయి నాలుగు దినాలకొకసారి అని మాకు తెలీదా? ఈ వయసులో యాడ నుంచి తెచ్చి పోస్తారు, పాపం" అన్నాడు. సాకు ఆయనే ఇచ్చాడు. నేను అడగలేదు.

అక్కడ నేను 'కాదు' అనాలి. నీళ్లున్నాయి, మనసే లేదు అనాలి. సుంకులమ్మ కొడుకు చెప్పాడని మానేశాను అనాలి.

"అవునప్పా, నీళ్లకు శానా కరువు" అన్నాను.

కాగితం చింపేశారు. ఏసేపుతో, "ఇక మీదట కండ్లతో చూసి రాయి, ఒకరి మాట విని కాదు" అన్నాడు కిరణ్‌కుమార్. అంతే. నిందపడ్డ మనిషికి అదీ దక్కిన మర్యాద. తప్పు చేసిన నాకు కుర్చీ, ఏ తప్పూ లేనివాడికి చీవాట్లు. అంతసేపూ అతను నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

జూన్‌లో కొత్త సర్వరు వచ్చింది. బిగించడం అయ్యాక ఏసేపు ఒక పొడవాటి ప్లాస్టిక్ పైపు చుట్ట పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ఏసీ నుంచి రోజంతా కారే నీళ్లను గోడ చుట్టూ తిప్పి తెచ్చి గుంత గొట్టంలోకి వదిలాడు.

"ఇక ఎవరూ పోయాల్సిన పని లేదవ్వా. దానంతట అదే తడుస్తాది. మీకు కష్టమెందుకు" అన్నాడు.

నేను తెగించాను. "ఏసేపూ, నేను మానేసింది నీళ్లు లేక కాదు."

గోడకు మేకు కొడుతున్నవాడు ఆగాడు. "తెలుసవ్వా" అన్నాడు. అని, పైపును మేకుకు కట్టి లాగి చూసి, నిచ్చెన ఇంకొంచెం పక్కకు జరుపుకున్నాడు. ఎందుకు మానేశానో చెప్పడానికి దాచుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. అతనికి అవి కొత్తవి కావు.

ఇది జరిగి రెండేళ్లు. ఏసేపు ఇప్పుడు కడప ఆఫీసులో పెద్దవాడయ్యాడు, అతని కింద ముగ్గురు పనిచేస్తున్నారు. అయినా మా ఊరి సర్వరు చూడడానికి నెలకొకసారి అతనే వస్తాడు. నేను మెట్ల మీద కనపడితే "బాగుండారా అవ్వా" అంటాడు. చెయ్యి జోడిస్తాడు. మర్యాదకు ఏ లోటూ లేదు. పెరటి తాళంచెవి ఒకటి సొసైటీ వాళ్ల దగ్గర పెట్టించుకున్నాడు, నన్ను పిలవడు. ప్రతిసారీ వంగి, ఆ నాపరాయి మూత తన చేత్తో ఎత్తి, గుంతలోకి చెయ్యి పెట్టి తడి చూసుకుని, అప్పుడు రాసుకుని పోతాడు.