పైల్వాన్ ఆకలి

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు టీవీలో ఏదో ఆట చూస్తోంది. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద బంతి. ఒకడు దాన్ని చంకలో ఇరికించుకుని పరుగెత్తడం, నలుగురు వాడి మీద పడి నేలకు అదమడం. దాన్ని రగ్బీ అంటారట. ఎంతసేపు చూసినా ఎవరు ఎవరి మీద ఎందుకు పడుతున్నారో నాకు బోధపడలేదు. "గాళ్లకు పైసలిస్తరా, ఊకెనే కొట్టుకుంటరా?" అని అడిగాను. "పెద్ద పెద్ద క్లబ్బులు పెట్టుకుంటయి నానమ్మా. తిండి గూడ వాళ్లే చూసుకుంటరు" అంది. అంతలో ఒక ఆటగాడి మొహాన్ని దగ్గరగా చూపించారు. చెవి వాచి, మడతలన్నీ పూడిపోయి, ఉడికించి పొట్టు తీసిన చేమగడ్డలా ఉంది. ఆట తెలియకపోయినా ఆ చెవి నాకు తెలుసు. మా అన్న చెవి అది. పెట్టుకోవడం అనే మాట కూడా నాకు బాగా తెలుసు.

మా ఊరు ఎల్లారెడ్డికి పెద్ద దూరం కాదు, పొద్దున ఎడ్లబండి కడితే అంబలి తాగే వేళకు చేరేవాళ్లం. మాకు నీళ్లు పారే తరి కాస్త, మిగతాదంతా వానకు పండే చెల్క. అన్న నాకంటే చాలా పెద్దవాడు. బాపు తర్వాత నాగలి పట్టాల్సినవాడు. ఒకసారి మిరపకాయలు అమ్మడానికి ఎల్లారెడ్డి పోయి, అక్కడ కుస్తీలు నేర్పే తాలీం గుమ్మంలో నిలబడి చూస్తుంటే, ఉస్తాద్ పిలిచి మెడ పట్టుకుని చూశాడట. ఎద్దులు కొనేవాళ్లు మూపురం పట్టి చూసినట్టు చూశాడని అన్న నవ్వుతూ చెప్పేవాడు. ఆ తర్వాత వారానికోసారి పోయినవాడు రోజూ పోవడం మొదలుపెట్టాడు. ఒక జాతరలో పేరున్న పైల్వాన్‌ను పడేశాడు. అక్కడ మా దొర ఉన్నాడు. పక్క ఊరి దొర గుర్రాన్ని పెట్టుకున్నాడు, ఇంకో దొర మోటారు కొన్నాడు. మా దొర మా అన్నను పెట్టుకున్నాడు.

పెట్టుకోవడమంటే ఖురాక్ ఇవ్వడం. దొరగారి కోటలాంటి గడి నుంచి జీతగాడు పొద్దున్నే ఇత్తడి చెంబులో పాలు, నెయ్యి, బాదం పలుకులు తెచ్చేవాడు. బాదం నూరడం నా పని. "అండ్లకెల్లి ఒక్క పలుకు నోట్లె ఏసుకున్నవనుకో, దొరకు తెలుస్తది" అని అవ్వ బెదిరించేది. దొర కళ్లు అంత దూరం చూస్తాయని నిజంగా నమ్మి, నేను పలుకు ముట్టుకోకుండా రోలు మాత్రం నాకేదాన్ని. ఇంట్లో అందరం జొన్న గటక తింటుంటే అన్న ఒక్కడూ గోడవైపు తిరిగి కూర్చుని పాలు తాగేవాడు. మాకు కనపడకుండా తాగడం ఆయనకు తోచిన మర్యాద. అంత మనిషి, మాట మాత్రం ఆడపిల్ల మాటలా మెత్తగా ఉండేది. పోపు ఘాటుకు వరసపెట్టి తుమ్మేవాడు. వాకిట్లో ఎండబోసిన జొన్నల మీద కోళ్లు వాలితే గట్టిగా అదిలించడం కూడా చేతకాకపోయేది.

ఆయనకు బిచ్కుంద దిక్కు నుంచి పిల్లను తెచ్చి లగ్గం చేశారు. వదిన మాటల్లో సగం మరాఠీ దొర్లేది. కుస్తీ పట్టేవాడు ఆలి దగ్గర ఉండకూడదని ఉస్తాద్ కట్టడి. అన్న రాత్రిళ్లు తాలీంలోనే పడుకునేవాడు, పొద్దున ఇంటికొచ్చినా తాను కట్టుకున్న మనిషిని చుట్టాన్ని పలకరించినట్టు పలకరించేవాడు. "నాకు లగ్గమయింది మీ అన్నతోని కాదు పిల్లా, మీ ఇంట్ల రోలుతోని" అనేది వదిన. నవ్వుతూనే అనేది. నేను కూడా నవ్వేదాన్ని, ఆ వయసులో నాకేం తెలుసు.

గెలిచిన రోజులు చాలానే ఉన్నాయి. దొర బండిలో కామారెడ్డి, అక్కడినుంచి రైలెక్కి ఎక్కడెక్కడో. తిరిగొచ్చేటప్పుడు తలకు జరీ రుమాలు, చేతికి వెండి కడెం. అన్న వెంట ఎప్పుడూ తాలీం ముసలాయన ఒకడు ఉండేవాడు, పట్లు పట్టాక ఒంటికి నూనె రుద్దేవాడు. మేం ఆయన్ను నూనె తాత అనేవాళ్లం. అన్న ఒంట్లో ఏ నరం ఎక్కడ బిగుసుకుందో అన్న కంటే ఆయనకే ముందు తెలిసేది.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక తాలీంలో జోడీవాడితో పట్లు పడుతుంటే అన్న మెడ కలుక్కుమంది. చెయ్యి తిమ్మిరెక్కుతోందని, మెడ తిప్పలేకపోతున్నానని అవ్వతో చెప్పాడు. నూనె తాత చూసి, "బిడ్డా, గీ చలికాలం ఎల్లేదాంక మట్టి తొక్కకు" అన్నాడు. సరిగ్గా అప్పుడే పట్నం నుంచి ఒక పెద్ద అధికారి కామారెడ్డికి వస్తున్నాడు, ఆయన ముందు కుస్తీలు పెట్టించాలని దొరలంతా అనుకున్నారు. మహారాష్ట్ర పైల్వాన్ ఒకణ్ని పిలిపించారు. అన్న గడికి పోయి మెడ సంగతి చెప్పుకున్నాడు. దొర కోప్పడలేదట. తమలపాకు ఈనె గిల్లుతూ, "ఓడితె ఓడు. కని నువ్వు రాకపోతె నా ఇజ్జత్ పోతది. ఇన్నేండ్లు పాలు తాగింది ఎవలయి?" అన్నాడట.

ఆ కుస్తీ నేను చూడలేదు. బాపు చూశాడు. తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఒకే మాట చెప్పేవాడు. "గా పైల్వాన్ లేపి ఏసిండు. మెడ మీద పడ్డడు. పడ్డోడు పడ్డట్టె ఉంటె అయిపోతుండె. లేసిండు." లేచి మళ్లీ పట్టాడు, మళ్లీ పడ్డాడు. బండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి తెచ్చారు. కుడిచెయ్యి భుజం నుంచి వేలాడుతోంది, ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులాగా. నూనె తాత రోజూ ఎల్లారెడ్డి నుంచి నడిచొచ్చి ఆ చేతికి నూనె రుద్దాడు. ఎవరూ రమ్మనలేదు. "కదులుతది బిడ్డా, కదులుతది" అనేవాడు. అది కదల్లేదు.

గడి పాలు కొన్నాళ్లు వచ్చాయి. తర్వాత బాదం రావడం మానేసింది. తర్వాత నెయ్యి. ఆ తర్వాత చెంబులో పాలకు బదులు మజ్జిగ వచ్చింది. ఒకరోజు జీతగాడే రాలేదు. అవ్వ పొద్దెక్కేదాకా వాకిట్లో నిలబడి చూసి, కడిగిపెట్టిన గిన్నెను బోర్లించింది. దొర కొత్తవాణ్ని పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

అవి యుద్ధం రోజులు. పండిన జొన్నల్లో సర్కారు లెవీ కింద పోగా మిగిలినవి మాకు సరిపోయేవి కావు. పాలు, బాదం పోసి పెంచిన ఆ ఒళ్లు మాత్రం అలాగే ఉంది. దాని ఆకలి అలాగే ఉంది. అన్నకు ఆకలి వేస్తే మొహం తెల్లబడేది. ఒకరోజు అవ్వ తన గటక ఆయన గిన్నెలో వేసి, "నేను పొయి కాడనే తిన్న" అంది. అన్న గిన్నెలోకి చూశాడు, అవ్వ మొహం చూశాడు. తిన్నాడు. తింటుంటే కళ్ల నుంచి నీళ్లు కారి గిన్నెలో పడ్డాయి, అయినా తినడం ఆపలేకపోయాడు. మర్నాటినుంచి తిండి వేళకు ఇంట్లో ఉండేవాడు కాదు. వదిన కొంగులో రొట్టె దాచుకుని చెల్కలెంబడి వెతుక్కుంటూ పోయేది. ఆమెకు మొగుడు దొరికింది ఆ రోజుల్లోనే. ఒకసారి గట్టు మీద ఇద్దరూ కూర్చుని ఉండగా చూశాను, ఆమె రొట్టె తుంచి ఇస్తోంది, ఆయన ఏదో అంటున్నాడు, ఆమె నవ్వుతోంది.

అప్పుడు గడి నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. కుస్తీకి కాదు. గడి వాకిట్లో నిలబడటానికి. "ఏం జెయ్యద్దు, ఊకె నిలవడు. నిన్ను జూస్తె చాలు, జనం బెదురుతరు" అన్నాడట దొర. రెండు పూటలా తిండి, ఇంటికి కూడా గింజలు. వదిన పోవద్దంది. అన్న అవ్వవైపు చూశాడు. అవ్వ అప్పటికి ఎముకల గూడులా ఉంది. పోయాడు. మాకు కడుపునిండా గటక దొరికింది. ఊళ్లో ఆడవాళ్లు బాయి దగ్గర నన్ను చూసి మాట ఆపేయడం కూడా అప్పుడే మొదలైంది.

తర్వాత జరిగింది వదిన నాకు చాలా ఏళ్లకు చెప్పింది. గడికి చుట్టాలొచ్చారు, వాళ్ల కాళ్లు పిసకడానికి నూనె తాతను వెట్టికి రమ్మన్నారు. ఆయన కోడలికి నొప్పులు వస్తున్నాయి, రాలేకపోయాడు. మర్నాడు పట్టుకొచ్చి గడి వాకిట్లో ఎండలో వంగబెట్టారు. వీపు మీద బండ పెట్టమని దొర అన్నకు చెప్పాడు. అన్న కదల్లేదట. దొర రెండోసారి చెప్పాడు. అన్న ఎడమచేత్తో బండను ఎత్తి రొమ్ముకు అదుముకుని దగ్గరికి పోయాడు. వంగి ఉన్న ముసలాయన తల పక్కకు తిప్పి అన్న పాదాలు చూసి గుర్తుపట్టాడు. "నువ్వేనా బిడ్డా. మెల్లగ పెట్టు" అన్నాడు.

అన్న మెల్లగా పెట్టాడు.

నూనె తాత చావలేదు. కాని మళ్లీ నిటారుగా నడవలేదు. అన్న ఇంటికొచ్చి, గడి నుంచి తెచ్చిన గింజల మూటను అవ్వ ముందు పెట్టి, "అవ్వా, ఇగ నేను పోను" అన్నాడు.  దొర ఊరుకోడని అందరికీ తెలుసు. తెల్లారకముందే వదిన, ఆయన బిచ్కుంద దారి పట్టారు. దారిలో ఎల్లారెడ్డిలో నూనె తాత గుడిసె ముందు అన్న నిలబడ్డాడట. లోపల పసిపిల్ల ఏడుస్తోంది. పిలవకుండానే వచ్చేశాడట. దొర కోపం బాపు మీద పడింది. తరి పోయింది, చెల్క మిగిలింది.

నా లగ్గమయ్యాక ఒక్కసారే బిచ్కుంద పోయి అన్నను చూశాను. వదిన పుట్టింటివాళ్ల జొన్నచేలో మంచె మీద పిట్టలను కొడుతున్నాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. నేను తీసుకుపోయిన సర్వపిండిలో సగం తుంచి నా చేతిలోనే పెట్టి, "ఇప్పుడు ఆకలి కాదు చెల్లె, మంచిగయింది" అన్నాడు. అది జబ్బని ఇద్దరికీ తెలుసు. మళ్లీ చలికాలం రాకముందే కబురు వచ్చింది. గడ్డంలో ఒక్క వెంట్రుకైనా నెరవలేదని వదిన చెప్పి ఏడ్చింది.

ఆయన నాకు పెద్దన్న, నేను తలెత్తి చూస్తే తప్ప మొహం కనపడని మనిషి. ఇప్పుడు తలుచుకుంటే నా మనవళ్ల కంటే చిన్నవాడిగా, ఎవరైనా ఇంత తిండి పెడితే బాగుండుననిపించే పిల్లవాడిలా కనపడతాడు. కాలం చివరికి వరసలను కూడా తిరగేస్తుంది.