ఎవ్వరూ మందలించని రోజులు

నా చిన్నప్పటి సంగతుల్లో రోజువారీగా గుర్తున్నది కోరుట్లలో గడిపిన ఒక్క ఏడాదే. అంతకు ముందు పదమూడేళ్ళు సిరిసిల్లలో పెరిగాను. ఆ పదమూడేళ్ళూ తలచుకుంటే ఒకే రోజులాగా ఉంటాయి. మగ్గం చప్పుడు, కండెలు చుడుతూ కేకలేసే అమ్మ, తమ్ముళ్ళ కొట్లాట. కోరుట్లలో మాత్రం ఏ రోజుకా రోజు విడిగా కనబడుతుంది. పలకరించే దిక్కు లేనివాళ్ళకు పొద్దు తొందరగా గడవదు కదా, అందుకేనేమో.

ఆ ఏడాది మా నాయన సిరిసిల్లలో పని దొరకక బొంబాయి దగ్గరి బీవండి పోయాడు. కొన్నాళ్ళకు అమ్మనూ తమ్ముళ్ళనూ తీసుకుపోయాడు. నేను అప్పుడే తొమ్మిదో తరగతిలోకి వచ్చాను. మధ్యలో బడి మాన్పిస్తే చదువు పాడవుతుందని నన్ను కోరుట్లలో మా మేనత్త దగ్గర దింపి, అత్తను సతాయించకుండా ఉండమని చెప్పి బస్సెక్కాడు. నేను చెప్పినట్టు వినే పిల్లను. సతాయించలేదు.

మా మేనత్తది చెడ్డ మనసు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. పెళ్ళయిన కొద్ది రోజులకే భర్త పోయిన మనిషి. పొద్దున లేస్తే చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, అంతే. మాట్లాడితే చెయ్యి ఆగుతుందని ఆమె నమ్మకం. నాకు వేళకు అన్నం పెట్టేది, తలకు నూనె రాసి జడ వేసేది, జ్వరమొస్తే పక్కనే కూర్చునేది. అన్నీ నోరు మెదపకుండానే. మగ్గాల చప్పుడును మించి అరిస్తే తప్ప మాట వినబడని ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను. ఆ ఇంట్లో పొద్దంతా కత్తెర చప్పుడొక్కటే వింటుంటే ఏదో భయంగా ఉండేది.

బడిలోనూ అంతే. మా తరగతిలో ఆడపిల్లలం నలుగురమే. మిగతా ముగ్గురూ ఒకే వాడలో పుట్టి పెరిగినవాళ్ళు. బెంచీ మీద వాళ్ళు దగ్గర దగ్గరగా కూర్చుంటే చివర నేనుండేదాన్ని. వాళ్ళకు నామీద కోపమేమీ లేదు. నేనొకదాన్ని ఉన్నానని గుర్తుకు రాకపోయేది.

మా డ్రాయింగ్ సారు ఆంధ్రలో కృష్ణ ఒడ్డున ఏదో ఊరి నుంచి వచ్చినవాడు. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. ఆయన మాట్లాడితే వాచకం చదివినట్టుండేది. మగపిల్లలు ఆయన వెనక ఆ మాటను అనుకరించి నవ్వుకునేవారు. ఒకరోజు ఆయన మాతో ఎప్పుడూ గీయించే బల్ల మీది కూజాను తీసి పక్కన పెట్టి, ఇక కూజాలు చాలు, అందరూ ఒక తెల్లకాగితాల పుస్తకం పెట్టుకోండి అన్నాడు. రోజుకొక బొమ్మ. ఆ రోజు కళ్ళతో చూసిందే గీయాలి. కింద ఒక్క వాక్యం రాయాలి, అది నిజమై ఉండాలి, పుస్తక భాషలో ఉండాలి. ప్రతి శనివారం పుస్తకాలు తీసుకుని ఒక్కొక్క బొమ్మ కింద ఎర్రసిరాతో తన మాట రాసి ఇచ్చేవాడు.

రెండు వారాలు తిరక్కుండానే మగపిల్లలు రెండు కొండలు, మధ్యలో సూర్యుడితో సరిపెట్టేశారు. నేను మానలేదు. నాకు అంతకన్నా పనేముంది? తునికాకు కత్తిరిస్తున్న మా అత్త చెయ్యి గీశాను. గోడ నీడలో పడుకున్న మేకను గీశాను. అత్త వేళ్ళు బాగా కుదిరాయని సారు రాస్తే ఆ ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. బీవండి నుంచి ఉత్తరం రావడానికి నెల పట్టేది. సారు మాట వారం వారం వచ్చేది.

ఒకనాడు బడి బావి గట్టు మీద కూర్చున్న నన్ను నేనే గీసుకున్నాను. కింద ఏం రాయాలా అని చూస్తే నిజమైన మాట ఒక్కటే దొరికింది. మా దిక్కున 'మందలిచ్చుడు' అంటే కనబడ్డ మనిషిని బాగున్నవా, తిన్నవా అని అడగడం. ఆ రోజు నన్ను అలా అడిగినవాళ్ళు లేరు. సారు పుస్తక భాష అన్నాడు కదా అని మా ఇంటి మాటకు బడి బట్టలు తొడిగి, "ఈరోజు నన్ను ఎవ్వరూ మందలించలేదు" అని రాశాను. ఆయన ఊళ్ళో ఆ మాటకు తిట్టడమనే అర్థమని నాకేం తెలుసు?

శనివారం పుస్తకం చేతికొచ్చింది. బొమ్మ కింద ఎర్రటి అక్షరాలతో, "చాలా సంతోషం. రేపు కూడా ఇలాగే ఉండాలి" అని ఉంది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి చూశాను. అదే మాట. తర్వాత ఇంటికి పోతూ ఆలోచించాను. సారు చదువుకున్న మనిషి, ఊరికే రాయడు. నలుగురితో కలవకుండా ఉంటేనే బొమ్మలు బాగా వస్తాయని ఆయన ఉద్దేశం కాబోలు. సారు చెప్పాడు కాబట్టి అలాగే ఉండాలనుకున్నాను. రోజూ దారిలో పాలమ్మే ముసలమ్మ కనబడి ఏ ఊరి పిల్లవని అడగబోయేది. ఆమెకు ఎదురుపడకుండా వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం గంట కొట్టగానే బడి గోడ వెనక్కి పోయి కూర్చునేదాన్ని. బొమ్మ మారినా కింద వాక్యం మారేది కాదు, ఈరోజు కూడా ఎవ్వరూ మందలించలేదు. శనివారం వచ్చేసరికి ఒకచోట "భేష్", ఒకచోట "మంచి అమ్మాయివి", ఇంకోచోట "ఈ అలవాటు ఎప్పటికీ వదలకు". ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఆ భేష్‌ల కోసం ఒక్కదాన్నే కూర్చుని కూర్చుని, పొద్దున్నే కడుపులో నొప్పి వచ్చేది.

చలికాలం చివర తెలంగాణ ఉద్యమం మా బడిదాకా వచ్చింది. అరవై తొమ్మిది అది. పై తరగతుల పిల్లలు బడి బంద్ చేయించి ఊరేగింపులు తీసేవారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాతో కూడా గోడ మీద సున్నంతో 'జై తెలంగాణ' అని రాయించారు. కోరుట్లలో నన్ను పదిమంది పేరు పెట్టి పిలిచింది ఆ ఒక్క పూటే. మా ఉద్యోగాలు మాకు కావాలన్నది న్యాయమైన మాటేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను.

అయితే మా సారు ఆ ఉద్యోగాల్లో ఒకదానిలో ఉన్నాడు. ఆయనను ఎవరూ కొట్టలేదు. మాట్లాడటం మానేశారు. తోటి సార్లు ఆయన వస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవారు. ఒకరోజు గేటు దగ్గర పిల్లలంతా రెండు వరసలుగా నిలబడి ఆంధ్ర సార్లు వాపసు పోవాలని అరుస్తుంటే, మధ్యలోంచి తల వంచుకుని లోపలికి నడిచాడు. నేను గోడ వెనక నుంచి అంతా చూశాను. ఇంటికి పోయి అదే గీసి, కింద "ఈరోజు మా సారును కూడా ఎవ్వరూ మందలించలేదు" అని రాశాను.

మర్నాడు బడికి పోతే తరగతిలో ఎవరూ లేరు. ఊరంతా బంద్. అత్త ఇంట్లో కత్తెర చప్పుడు వింటూ కూర్చోలేక వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. సారు ఉన్నాడు. మేడిపల్లి నుంచి సైకిల్ మీద వచ్చే మా బడిలో గంట కొట్టే చప్రాసి ఉన్నాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే పెద్దమనిషి, అందరం చాచా అని పిలిచేవాళ్ళం. ఆయన గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సారు ఊరికే ఉండలేక నా పుస్తకం అడిగి తీసుకుని, చివరి పేజీ చూసి నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు.

"నా మనసు కష్టపెట్టకూడదని అబద్ధం రాశావా అమ్మాయ్? నిన్న గేటు దగ్గర నన్ను మందలించని వాళ్ళెవరు?" అన్నాడు.

అబద్ధమనేసరికి నాకు రోషం వచ్చింది. "అబద్ధం కాదు సార్. ఒక్కలు గూడ మందలియ్యలె. నేను గోడెనుక నిలవడి సూసిన" అన్నాను.

చాచా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి స్టూలు మీంచి లేచాడు. "సార్, మా దిక్కు మందలిచ్చుడంటే తిట్టుడు గాదు. మనిషి కనవడితె బాగున్నవా, తిన్నవా అని అడుగుతం సూడుండ్రి, గదే మందలిచ్చుడు" అన్నాడు.

సారు పుస్తకం వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. గోడ వెనక నేను, వెనక సందు, ఖాళీ బెంచీ. ఒక్కో పేజీ దగ్గర తను రాసిన భేష్‌ను చదువుకుంటూ పోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. బావి గట్టు బొమ్మ దాకా వెళ్ళి ఆగి, జేబులోంచి కలం తీసి, "చాలా సంతోషం" అన్నదాన్ని కొట్టేశాడు. దాని కింద "ఎందుకు ఒక్కదానివే కూర్చున్నావమ్మా?" అని రాశాడు. తర్వాతి పేజీలో "అన్నం తిన్నావా?", ఆ తర్వాత "మీ అమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా?", మేక మళ్ళీ కనబడిన చోట "ఇది ఇంకా ఎవరినీ పొడవలేదు కదా?" ఇలా ఇరవై పైచిలుకు పేజీలు. ఏ పేజీనీ వదల్లేదు, ఏ ప్రశ్నా రెండుసార్లు రాయలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతిదానికీ జవాబు చెప్పించుకున్నాడు. అన్ని మాటలు ఒకేసారి మాట్లాడి ఎన్ని నెలలయిందో, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సారు చివరి పేజీకి వచ్చేసరికి చాచా వంగి ఆ గేటు బొమ్మను చూశాడు. మెల్లగా నన్ను అడిగాడు.

"మరి నువ్వు మందలిచ్చినవా బిడ్డా?"

ముందురోజు సారు నాకు నాలుగు మూరల దూరంలోంచి నడిచిపోయాడు. నేను గోడ వెనక నిలబడి ఆయన చొక్కా ముడతలు గుర్తు పెట్టుకున్నాను. బొమ్మ బాగా రావాలని ఇంటికి పోయి ఆయన తల ఉన్నదానికన్నా ఇంకాస్త వంచి గీశాను. ఎవరూ అడగలేదని రాసుకున్నాను గానీ, నేనూ ఒక మనిషినేనని నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

లేచి నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని, "బాగున్నరా సార్? తిన్నరా?" అన్నాను.

సారు తిన్నానని చెప్పబోయి ఆగాడు. కలం మూసి, "లేదమ్మా" అన్నాడు. బంద్ మూలంగా హోటల్ తెరవలేదట, గదిలో స్టవ్ లేదట, ముందురోజు మధ్యాహ్నం నుంచి నీళ్ళ మీద ఉన్నాడట. అదేదో పెద్ద విషయం కానట్టు కిటికీలోంచి చూస్తూ చెప్పాడు.

పరుగెత్తాను. అత్త చాట ఒళ్ళో పెట్టుకుని ఉంది. రొప్పుతూ చెప్పాను. ఆమె చెయ్యి ఆగడం నేను మొదటిసారి చూశాను. "గంత దూరంకెళ్ళి అచ్చిన పిలగాడు పస్తుంటడా?" అని లేచింది. కొంగు దులుపుకుని రెండు జొన్నరొట్టెలు, గిన్నెలో పచ్చిపులుసు పట్టుకుని నాతో నడిచింది. గేటు దగ్గర పెద్ద పిల్లలు నిలబడి ఉన్నారు. ఎక్కడికని అడిగితే, "సార్ను మందలిచ్చొస్త" అని చెప్పి, దారి ఇచ్చేదాకా అక్కడే నిలబడింది. వాళ్ళు పక్కకు జరిగారు. జరగకపోయినా ఆమె పోయేదే.

లోపలికి వచ్చి గిన్నె సారు ముందు పెట్టి, "బాగున్నవా కొడుకా? మీ అమ్మ ఎట్లున్నది?" అని అడిగింది. రొట్టె తుంచబోతున్న సారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అంత పెద్దమనిషి ఏడవడం చూసి నాకూ ఏడుపొచ్చింది. చాచా ఏదో పని ఉన్నట్టు వరండాలోకి పోయాడు.

తిరిగి ఇంటికి పోయేటప్పుడు అత్త దారి పొడుగునా నన్ను ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. అమ్మ ఏం రాసింది, బడిలో పక్కన ఎవరు కూర్చుంటారు, పొద్దున కడుపునొప్పి అంటావెందుకు. అన్నీ గమనించే ఉంది, అడగలేదంతే.

పదిరోజుల్లో బళ్ళన్నీ మూతపడ్డాయి. సారు జగిత్యాల బస్సెక్కి వెళ్ళిపోయాడని చాచా చెప్పాడు. మళ్ళీ ఆయన జాడ తెలియలేదు. పుస్తకం కూడా ఇళ్ళు మారడంలో ఎక్కడో పోయింది. చాలా ఏళ్ళకు మళ్ళీ ఉద్యమం వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో దీక్షా శిబిరంలో కూర్చున్నాను, రాష్ట్రం వచ్చిన రోజు అందరితోపాటు సంబరపడ్డాను. ఆ సంబరంలో కూడా సారు ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో అనిపించింది.

ఒక మనిషిని చూసి పాపం అనుకోవడం, ఆ సంగతి పదిమందికి చెప్పుకోవడం వల్ల ఆ మనిషికి ఒరిగేదేమీ లేదని బడిలో ఆ బంద్ పూట తెలిసింది. అది నాతోనే ఉండిపోయింది. మా ఆయన పోయాక, పిల్లలు ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాక, పొద్దు గూకేదాకా నన్నెవరూ మందలించని రోజులు మళ్ళీ వస్తున్నాయి. మనసు చివుక్కుమంటుంది, దాచడమెందుకు. అలాంటి రోజు చెప్పులేసుకుని వీధి చివరికి పోతాను. అక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి ఎక్కడో బీహార్ నుంచి వచ్చిన ఒక పిల్లవాడు గుమ్మంలో కూర్చుని ఉంటాడు. అతనికి తెలుగు రాదు, నాకు అతని మాట రాదు. చేతిని నోటి దగ్గర పెట్టి తిన్నవా అన్నట్టు సైగ చేస్తాను. అతను తల ఊపి, నావైపు చూసి తిరిగి అదే సైగ చేస్తాడు. తినకపోతే లేదనే చెబుతాను. అడిగినప్పుడు నిజం చెప్పడం కూడా సారు దగ్గరే నేర్చుకున్నాను.