బల్ల మీద నాలుగు దెబ్బలు

మా కాలేజీలో ఇంటర్ పిల్లలు ఫ్రెంచి తీసుకునేది మార్కుల కోసమే. నోటి పరీక్ష ఉండదు, బట్టీ పట్టి రాస్తే గట్టెక్కుతారు. ఆ మాట ఫ్రెంచి చెప్పే లిదియా ముందు అంటే ఆమెకు ఒళ్లు మండేది. నోట పలకనిది భాషెట్లా అవుతుందని ఆమె పట్టు. పక్క గదిలో సివిక్స్ చెప్పుకునే నాకు అది చాదస్తమనిపించేది, ముచ్చటగానూ ఉండేది.

ఏటా మొదటి రోజే బోర్డు మీద 'మలొరొజ్మా' అనే మాట రాసేది. దురదృష్టవశాత్తూ అని అర్థం. రాతలో చాంతాడంత, ఐదు ముక్కలు, నోట్లో నాలుగే. మ, లొ, రొజ్, మా. చివరి 'మా' ముక్కులోంచి రావాలి. ఆమె అరచేత్తో బల్ల మీద ముక్కకో దెబ్బ వేసేది, క్లాసంతా దెబ్బకో ముక్క పలికేది. నా పాఠం ఎవరికీ వినపడేది కాదు.

పోయిన వేసవిలో ఆమెకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ మాటా పోయాయి. చెయ్యి కాస్త కదిలింది గానీ మాట రాలేదు. భర్త కృపానందానికి రైల్వేలో పని. డ్యూటీ దిగి కాజీపేటలోని ఇంటికి రాగానే ఎదురుగా కూర్చునేవాడు. ఇష్టమైన మాటతో మొదలుపెట్టమన్నాడట డాక్టరు. ఆమె బల్ల మీద కొట్టేది, ఆయన ఆ ఫ్రెంచి మాటను తనకొచ్చినట్టు పలికేవాడు.

"జర నిమ్మళంగ అను లిదియా. ఎవలు తరుముతాండ్రు?" అనేవాడు.

మొదటి దెబ్బకు 'మ' వచ్చేది. రెండో దెబ్బకు నాలుక మొరాయించేది. పలకరించడానికి వెళ్లిన నేను అది చూడలేక టీ గ్లాసుతో వాకిట్లోకి వచ్చేదాన్ని.

కాలేజీ తెరిచారు. మళ్లీ పాఠం చెప్పాలన్నదొక్కటే ఆమె కోరిక. ప్రిన్సిపాల్ సారంగపాణి ఒప్పుకోడేమోనని భయపడ్డాం. ఆయన నవ్వుతూ రమ్మన్నాడు.

"మాట రాకుంటేంది మేడం? బిట్లు బోర్డు మీద రాయుండ్రి. ఫ్రెంచ్‌ల పిల్లలు మాట్లాడేదుందా, పాడా?"

మంచికే అన్నాడు. ఆమె ఇన్నేళ్ల చాకిరీని గంగలో కలిపానని ఆయనకు తెలియనే లేదు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. లిదియా తల వంచుకుని సరేనన్నట్టు ఊపింది.

మొదటి రోజు నేనే చెయ్యి పట్టుకుని క్లాసుకు తీసుకెళ్లాను. అందరూ కొత్త పిల్లలు. ఆమె ఎడమ చేత్తో వంకర టింకరగా ఆ మాట రాసింది. వాళ్లు గుసగుసలాడుకుంటూ నోట్సులో ఎక్కించుకున్నారు. ఆమె వాళ్ల వైపు తిరిగింది. అరచెయ్యి ఎత్తి బల్ల మీద నాలుగు దెబ్బలు కొట్టి, ఆశగా వాళ్ల నోళ్ల వంక చూసింది.

అల్లరి మానమంటోందనుకున్నారు. క్లాసంతా నోరు మూసుకుని చేతులు కట్టుకుంది.