అచ్చుకెక్కని ఐదో గ్రంథం

నార్వేలో ఒక రేవులో, దీపసంఘం అనే చిన్న మతశాఖ వాళ్ళకి పవిత్ర గ్రంథాలు ఐదు. మొదటి నాలుగూ సంఘాన్ని స్థాపించిన దీపస్తంభం కాపరికి దేవుడు చెప్పినవి. ఐదోది, అతను సముద్రంలో మునిగిపోయాక అతని భార్య పాడినది. సముద్రం మింగినవాళ్ళను సాగనంపేటప్పుడు అదే పాడేవారు. ఆ సంఘంలోనే పుట్టిన రాగ్న్‌ఫ్రిడ్ దాన్ని తల్లి నోట విని నేర్చుకుంది. భర్త పడవ బోల్తాపడిన నాడు తనకు తానే పాడుకుంది.

తల్లి పోయాక తమ్ముడు తోర్లైవ్‌ను పెంచింది ఆమే. చేపలు ఎండబెట్టి, ఉప్పుకి చేతులు పగిలినా వాణ్ణి చదివించింది. వాడు సంఘంలో పెద్ద అయ్యాడు. గ్రంథాలను అచ్చు వేయించాలనుకున్నప్పుడు పెద్దలంతా కూర్చుని ఐదోదాన్ని తీసేసి, ఇకమీదట ఎవరూ పాడకూడదన్నారు.

"అది దేవుడి మాట కాదక్కా, ఒక ఆడమనిషి ఏడుపు," అన్నాడు తోర్లైవ్, ఆమె పోసిన కాఫీ తాగుతూ.

"అమ్మ నిన్ను ఒళ్ళో వేసుకుని పాడింది అదేరా."

"అమ్మకేం తెలుసు?"

ఆమె అప్పట్నించి ప్రార్థనలో వెనక బల్ల మీద కూర్చునేది, నోరు మెదిపేది కాదు.

కొన్నేళ్ళకి, చలికాలపు చేపల వేటలో తోర్లైవ్ ఒక్కగానొక్క కొడుకు ఐలర్ట్ పడవ మీంచి జారిపడ్డాడు. శవం దొరకలేదు. నాలుగు గ్రంథాల నిండా కట్టడలూ శిక్షలూ ఉపవాసాలూ ఉన్నాయి గానీ, కొడుకు పోయిన తండ్రికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. తోర్లైవ్ వచ్చి అక్క గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, వాడి కోసం అది పాడవూ?"

"ఏది? ఏడుపా?"

అతను తల దించుకున్నాడు. పొమ్మనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. కానీ ఐలర్ట్ ఆమె వేలు పట్టుకుని నడక నేర్చినవాడు. శాలువా కప్పుకుని రేవుకి వెళ్ళి, నీళ్ళవైపు తిరిగి ఆసాంతం పాడింది. ముసలమ్మలు గొంతు కలిపారు. తోర్లైవ్ మంచులో కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

సంగతి సంఘం చెవిన పడింది. ఆ ఆదివారం ప్రార్థనలో పెద్దల్లో ఒకాయన లేచి, "ఎవరు పాడమన్నారమ్మా?" అని నిలదీశాడు. ఆమె తమ్ముడివైపు చూసింది.

"ముసలితనం, పాత అలవాటు పోలేదు. నేను వద్దనే చెప్పాను," అన్నాడు తోర్లైవ్ కిటికీలోంచి బయటికి చూస్తూ.

"అవునవును, వద్దన్నాడు. పాపం, ఏడుస్తూ వద్దన్నాడు," అని రాగ్న్‌ఫ్రిడ్ లేచి వెళ్ళిపోయింది. ఆమెను వెలివేశారు.

తర్వాత ఒకరోజు తోర్లైవ్ భార్య బోర్గ్‌హిల్డ్ చాటుగా వచ్చి రాగ్న్‌ఫ్రిడ్ పెరటి తలుపు తట్టింది. "వదినా, నాకు నేర్పవూ? పిల్లాడి కోసం లోపల్లోపలే పాడుకుంటాను."

"నీ మొగుణ్ణి అడిగి రా పో," అని రాగ్న్‌ఫ్రిడ్ తలుపేసింది. మనసాగక మళ్ళీ తీసేసరికి బోర్గ్‌హిల్డ్ మలుపు తిరిగిపోయింది.

ఆ వసంతంలోనే రొమ్ముపడిశంతో దగ్గి దగ్గి రాగ్న్‌ఫ్రిడ్ పోయింది. శ్మశానం కంచెకి బయట పాతిపెట్టారు. ముసలమ్మలు వచ్చారు గానీ, తోర్లైవ్ నాలుగు గ్రంథాల అచ్చుపుస్తకం పట్టుకుని నిలబడి ఉండటం చూసి, ఆ పాట ఎత్తుకోవడానికి ఒక్కరూ నోరు తెరవలేదు.