ఆన్సెల్మ్ పేరు రాయి మీద లేదు

ఫ్రాన్స్‌లోని వెర్నెసాక్ ఊళ్లో ఏటికి ఎగువన తోళ్ల కర్మాగారం, దిగువన బట్టల రేవు. ఎగువ వాళ్లు వదిలిన గోధుమరంగు నీళ్లలోనే దిగువ ఆడవాళ్లు ఊరి దుప్పట్లు తెల్లగా చెయ్యాలి. ఈ ఏర్పాటు దేవుడు చేసింది కాదు. కర్మాగారం మేయరు దెల్‌మాస్ గారిది, అంతే.

ఒర్తాన్స్ ఆ రేవులోనే ముసలిదైంది. మొగుడు తోళ్ల పనిలో అంటుకున్న నల్లపుండుతో వారం తిరక్కుండా పోయాడు. యజమాని పూలగుత్తి పంపి, మర్నాడే అతని చోట ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. పసివాడు ఆన్సెల్మ్‌ను బట్టల గంపలో పడుకోబెట్టి, ఆమె బండ దగ్గర మోకాళ్ల మీద కూలబడి బట్టలు బాదింది. పక్కబండ జెలీ కొడుకు బతిస్త్ కూడా ఆ గంపలోనే పెరిగాడు.

యుద్ధం వచ్చింది. ఇద్దరూ వెళ్లారు. మేయరు గారి తోలు సైన్యానికి బూట్లయింది. బూట్లు ఆయనకి కొత్త మేడయ్యాయి. బతిస్త్‌ను జర్మన్ తూటా చంపింది. ఆన్సెల్మ్‌ను చంపినవి ఫ్రెంచి తూటాలు. సగం మంది చచ్చాక, మళ్లీ అదే గుట్ట మీదికి పొమ్మంటే “పోం” అన్నవాళ్లలో కొందర్ని ఏరి, మిగతావాళ్లకి భయం ఉండాలని గుంజకి కట్టి కాల్చారు. వాళ్లలో ఒకడు ఆన్సెల్మ్.

యుద్ధం ఆగిన నాలుగేళ్లకి మేయరు కార్యాలయం ముందు అమరుల రాయి లేచింది. ఆవిష్కరణకి ముందు కార్యదర్శి రేవుకొచ్చి, అటక మీద బూజుపట్టిన మూడురంగుల జెండా గుడ్డను ఒర్తాన్స్ ముందు పడేశాడు.

“రాయి మీద కప్పాలి. మరక కనపడకూడదు మదామ్.”

“నా పిల్లాడి పేరుందా దాని మీద?”

“అది... ఫ్రాన్స్ కోసం చనిపోయినవాళ్లకి మాత్రమే.”

“మరి మావాడు దేనికి చచ్చాడయ్యా? అజీర్తి చేసా?”

రేవంతా భళ్లున నవ్వింది. అది సరదా నవ్వు కాదు. కార్యదర్శి గుడ్డ వదిలేసి గట్టెక్కాడు.

“దాన్ని ఏట్లో వదిలెయ్యవే,” అంది ఒకామె.

ఒర్తాన్స్ గుడ్డ తడిపింది. “జెలీ కొడుకు పేరు మీద కూడా కప్పుతారుగా. ఉతుకుతా. కానీ పేర్లు పిలిచేటప్పుడు మావాడి పేరు నేనే పిలుస్తా.”

జెలీ చెయ్యి ఆగిపోయింది. “వద్దే ఒర్తాన్స్. నీ కాళ్లు పట్టుకుంటా. నాకు మిగిలింది ఆ ఒక్క రోజే. గొడవ చెయ్యకు.”

“నీకు ఒక్క రోజైనా ఉంది,” అంది ఒర్తాన్స్. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు.

యుద్ధం ఆగిన రోజని నవంబరు పదకొండున ఊరంతా సెలవు. మేడవాళ్ల విందు బల్లగుడ్డలకి మాత్రం సెలవు లేదు. అందుకే ఆడవాళ్లు ముందు కట్టుకున్న తడిగుడ్డలతో, బట్టలు బాదే కొయ్యలతో రేవు నుంచే నేరుగా వచ్చారు. దెల్‌మాస్ రక్తం గురించీ త్యాగం గురించీ గొంతు వణికిస్తూ మాట్లాడాడు. ఆయన కొడుకులిద్దరూ కర్మాగారం లెక్కలు చూసుకుంటూ యుద్ధం గడిపారు. ఇప్పుడు ముందువరసలో నిలబడ్డారు. గుడ్డ జారింది. ఒక్కొక్క పేరే పిలిచారు. ప్రతి పేరుకీ జనం “ఫ్రాన్స్ కోసం మరణించాడు” అని బదులిచ్చారు. బతిస్త్ పేరొచ్చినప్పుడు జెలీ కొయ్య చంకన పెట్టుకుని నిటారుగా నిలబడింది.

ఆఖరి పేరు అయిపోయింది.

“ఆన్సెల్మ్!” ఒర్తాన్స్ గొంతు ఆ కూడలంతా మోగింది.

ఎవ్వరూ పలకలేదు. నిన్నటిదాకా ఆమె చేత దుప్పట్లు ఉతికించుకున్నవాళ్లు బూట్లు చూసుకున్నారు.

దెల్‌మాస్ ముఖం కందిపోయింది. “పిరికివాడి పేరుతో ఈ వీరుల్ని మైలపరచకు. ఈ తల్లులకైనా గౌరవమివ్వు!”

“ఏ తల్లులకి?” జెలీ ముందుకొచ్చింది. “నా పేరు చెప్పి ఆవిడ నోరు మూయిస్తారా మేయరు గారూ? ఇద్దరూ ఒక్క గంపలో ఉచ్చపోసుకుని పెరిగారు. మీ మైల దుప్పట్లు ఉతికింది నేను. మైలంటే ఏంటో నాకు చెప్పకండి!”

ఆమె రేవులో లాగే రాయి మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూలబడి, కొయ్యతో మెట్టు మీద ఒక్క దెబ్బ కొట్టింది.

“ఆన్సెల్మ్!” ఒర్తాన్స్ మళ్లీ పిలిచింది.

ఈసారి రేవు ఆడవాళ్ల కొయ్యలన్నీ నేలను బాదాయి. దెల్‌మాస్ బాజావాళ్లకి సైగ చేశాడు. వాళ్లు మొదలుపెట్టారుగానీ, ఆ దెబ్బల మధ్య తాళం తప్పి ఒక్కొక్కరే ఆపేశారు.

ఆ వారం మేయరు గారింటి పనిమనిషి మైలగుడ్డల మూట రేవుకి తెచ్చింది. ఏ బండ దగ్గరా ఎవ్వరూ జరిగి చోటివ్వలేదు.

“నీ మీద కోపం లేదు పిల్లా,” అంది ఒర్తాన్స్. “మీ అయ్యగారితో చెప్పు. మావాడి పేరు చెక్కించే దాకా ఆయన మురికి ఆయనే ఉతుక్కుంటాడని.”

పనిమనిషి మూట మళ్లీ భుజానికెత్తుకుంది. రేవు నుంచి మేడకి ఒకటే దారి. రొట్టెల కొట్టు, చర్చి, కాఫీ హోటలు దాటి, ఊరి నడిబొడ్డున ఆ రాయి పక్కనుంచే పోవాలి. పట్టపగలు, కిటికీలన్నీ తెరుచుకుని చూస్తుండగా, దెల్‌మాస్ గారి మురికి అలాగే వెనక్కి వెళ్లింది.